మూడు తాళాల వెబ్‌సైట్

ఈ వ్యవహారంలో తప్పెవరిదని అడిగితే నాదేనని ముందే రాసిచ్చేస్తాను. ముప్పై ఏడో పేజీలో ఆ రెండు వాక్యాలూ నేను రాయకపోయి ఉంటే మా మండలి వెబ్‌సైట్ ఈపాటికి అందరి వెబ్‌సైట్లలాగే ఉండేది. ఒకరోజు తెరుచుకునేది, ఒకరోజు మొండికేసేది, జనం తిట్టుకుంటూనే చూసుకునేవాళ్లు.

మాది వృత్తి శిక్షణ పరీక్షల మండలి, ప్రాంతీయ కార్యాలయం. ల్యాబ్ టెక్నీషియన్, ఎలక్ట్రీషియన్, కుట్టుపని లాంటి డిప్లొమాలకి పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తాం. అందులో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. ఔట్‌సోర్సింగ్. అంటే పనంతా నేను చెయ్యొచ్చు, సంతకం మాత్రం పెట్టకూడదు. నోట్ నేను రాస్తే కింద సంతకం సూపరింటెండెంట్ చంద్రమౌళి గారిది.

ఈ సంగతి మా నాన్నకి ఇంతవరకూ చెప్పలేదు. నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో పని ఆయనది. ఆయనా వేలిముద్రే, మా తాతా వేలిముద్రే. మా ఇంటి మొత్తానికి మొదటి సంతకం నాది. నేను డిగ్రీ పాసైనరోజు నాన్న నా చేత ఓ తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని, చాలాసేపు చూసి, "ఇంక నువ్వు గీత గీస్తే పనైపోద్దన్నమాట," అన్నాడు. అవునన్నాను. అబద్ధమని అప్పటికి నాకూ తెలీదు.

సరే, కథలోకి వస్తాను. దొంగ సర్టిఫికెట్లు ఎక్కువయ్యాయని పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ప్రతి సర్టిఫికెట్టూ ఉద్యోగమిచ్చేవాళ్లు ఇంటర్నెట్‌లో సరిచూసుకునేలా ఉండాలిట. అందుకోసం ప్రతి ప్రాంతీయ కార్యాలయమూ "అత్యంత సురక్షితమైన వెబ్ హోస్టింగ్ సంస్థను తగు పరిశీలన మీదట ఎంపిక చేసుకోవలెను" అని ఉంది. 'అత్యంత సురక్షితమైన' అన్న మాట కింద రెండు గీతలు. ఆ గీతల్ని చూడగానే మా ఆఫీసు మొత్తం ఊపిరి బిగబట్టింది.

చంద్రమౌళి గారు నన్ను పిలిచారు. "తవిటేశూ, నువ్వు కంప్యూటర్లు చదివావు కదా. ఈ హోస్టింగు సంగతేమిటో ఓ నోట్ పెట్టు."

"వెబ్‌సైట్‌కి అద్దె ఇల్లు లాంటిది సార్. మన పేజీలు వాళ్ల కంప్యూటర్లో ఉంటాయి. అక్కణ్ణించి అందరూ చూస్తారు."

"అద్దిల్లా? ఓనరు మంచివాడేనా చూడాలి మరి."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నారు. నేనే మనసుకి పట్టించుకున్నాను. వారం రోజులు కూర్చుని నాలుగు కంపెనీల్ని పోల్చి నలభై ఒక్క పేజీల రిపోర్టు రాశాను. ఎవరు బ్యాకప్ తీస్తారు, ఎవరు తాజాగా ఉంచుతారు, దొంగలు పడితే ఎన్ని గంటల్లో ఫోనెత్తుతారు, అన్నీ పట్టికలు వేశాను. రెండో కంపెనీ మేలని ముప్పై ఆరో పేజీలో తేల్చాను. అక్కడ ఆపాల్సింది. కానీ కాలేజీలో మాకు ఒక మేష్టారు చెప్పింది గుర్తొచ్చి, నిజాయితీగా ఉండాలనిపించి, తరవాతి పేజీలో ఇలా రాశాను: "నెట్‌కు కలిపిన ఏ కంప్యూటరూ నూటికి నూరుపాళ్లు సురక్షితం కాదు. నెట్‌కు కలపనిది మాత్రమే పూర్తిగా సురక్షితం."

చదువుకున్నవాళ్లకి ఇలాంటి జబ్బులుంటాయి. మా ఇంట్లో ఎవరూ అంతకుముందు చదువుకోలేదు కాబట్టి నాకు చెప్పేవాళ్లు లేకపోయారు.

* * *

దువ్వారపు హైమావతి మూడో నంబరు కిటికీ దగ్గరికి మొదటిసారి వచ్చింది ఆ వారంలోనే. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా మా దగ్గరే పాసైంది. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆస్పత్రివాళ్లు ఉద్యోగమిస్తామన్నారు. ఇరవై ఎనిమిదో తారీకుకి చేరాలి. ఈలోగా ఆమె సర్టిఫికెట్ నిజమైనదేనని వాళ్లు సరిచూసుకోవాలి.

"కాగితం చూపిస్తే వద్దన్నారు సార్. ఎవరో దొంగ సర్టిఫికెట్‌తో చేరి, ఒకళ్ల రక్తం గ్రూపు ఇంకోలా రాసిచ్చేశాడంట. అప్పట్నించీ మీ వెబ్‌సైట్‌లో కనిపిస్తేనే అంటన్నారు."

"పది రోజుల్లో వెబ్‌సైట్ వచ్చేస్తుందమ్మా."

"పదంటే పదేనా సార్, గవర్నమెంటు పదా?"

"పదే. పూచీ నాది," అన్నాను.

ఆ పూచీకి సంతకం లేదు కదా అన్న ధైర్యంతో అన్నానేమో, ఇప్పుడు చెప్పలేను. ఆమె గోడమీది క్యాలెండర్లో ఇరవై ఎనిమిది ఎక్కడుందో చూసుకుని వెళ్లిపోయింది.

* * *

ఎంపిక కమిటీలో ముగ్గురు. మా ప్రాంతీయ అధికారి, ఆర్.జె.డి. విజయభారతి మేడమ్ అధ్యక్షురాలు. చంద్రమౌళి గారు కార్యదర్శి. రికార్డు అసిస్టెంటు గవరయ్య గారు 'భద్రతా నిపుణుడు'. ఈ చివరిది ఎగతాళి కాదు. మా మండలి పుట్టిన దగ్గర్నించీ ప్రశ్నపత్రాల స్ట్రాంగ్ రూముకి తాళం వేసి లక్క ముద్ర కొట్టేది ఆయనే. ముప్పై ఏళ్లలో ఒక్క పేపరు బయటికి పోలేదు. మా మండలికి భద్రత అంటే తెలిసింది అదొక్కటే. దాన్ని కొలవడానికి పరీక్షల మాన్యువల్ ఆరో అధ్యాయం ఉంది. వెబ్ హోస్టింగుని కూడా దాంతోనే కొలిచారు.

నేను మెచ్చిన కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్లో మాట్లాడింది. స్పీకర్ పెట్టాం.

"మీ సర్వర్ గదికి కిటికీలెన్ని?" అని అడిగారు చంద్రమౌళి గారు.

"కిటికీలు ఉండవు సార్."

"మంచిది. తాళాలు?"

"తాళాలు కాదు సార్, వేలిముద్ర వేస్తే తలుపు తెరుచుకుంటుంది."

చంద్రమౌళి గారు కళ్లజోడు తీశారు. "వేలిముద్రా? అంటే మీ దగ్గర సంతకం వచ్చినవాళ్లు ఎవరూ లేరా?"

నేను కిందికి చూశాను.

"లక్క ఏ కంపెనీది వాడతారమ్మా?" అని గవరయ్య గారు ముందుకి వంగారు.

"లక్కేంటి సార్?"

గవరయ్య గారు నావైపు తిరిగి, "లక్కంటే తెలీదంట బాబూ. ఈళ్లకా మన కొంప అప్పసెప్పడం?" అన్నారు.

ఆ అమ్మాయి పాపం ఓపికగా, తమ సర్వీసు తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది శాతం నమ్మకమైనదని చెప్పింది. అంతవరకూ మాట్లాడని మేడమ్ అప్పుడు మాట్లాడారు.

"మిగిలిన పాయింట్ ఒకటి ఎక్కడికి పోతోంది?"

"అది... ఎప్పుడైనా అంతరాయం వస్తే మేడమ్."

"మా స్ట్రాంగ్ రూము నూటికి నూరు. పాయింట్ ఒకటి అంటే వెయ్యి ప్రశ్నపత్రాల్లో ఒకటి. ఆ ఒక్కటీ చాలు కదమ్మా పరీక్ష రద్దవడానికి."

తక్కిన మూడు కంపెనీలూ ఇలాగే పోయాయి. ఒకడు మా సమాచారాన్ని మూడు చోట్ల నకళ్లు తీసి దాస్తామన్నాడు. "ప్రశ్నపత్రానికి మూడు జిరాక్సులు తీస్తానని మనతోనే చెప్పే ధైర్యం" అని మినిట్స్‌లో ఎక్కింది. ఇంకొకడు తన సర్వర్ ఏ ఊళ్లో ఉందో ఖచ్చితంగా చెప్పలేనన్నాడు. గవరయ్య గారు లేచి మంచినీళ్లు తాగొచ్చారు.

అప్పుడు మేడమ్ నా రిపోర్టు దగ్గరికి లాక్కున్నారు. నలభై ఒక్క పేజీల్లో ఆమె చదివింది ఒకటే. గవరయ్య గారి టీ గ్లాసు అంటుకుని ఆ పేజీ కాస్త పైకి లేచి ఉంది. ముప్పై ఏడు. గుండ్రటి టీ మరక మధ్యలో నా రెండు వాక్యాలూ ఉన్నాయి.

"చంద్రమౌళి గారూ, ఇది చూశారా? నెట్‌కు కలపనిది మాత్రమే పూర్తిగా సురక్షితం. ఇంత స్పష్టంగా రాసిపెట్టి మనల్ని నలుగురితో మాట్లాడించాడు ఈ అబ్బాయి."

"మేడమ్, అది మాటవరసకి..."

"ఆఫీసు నోట్‌లో మాటవరస ఉండదయ్యా," అని ఆకుపచ్చ ఇంకుతో గీత గీసి, పక్కన రాశారు: 'అంగీకరించడమైనది. నెట్‌కు కలపని సంస్థనే ఎంపిక చేయవలెను.'

అలాంటి సంస్థ ఎక్కడుందని వెతకమన్నారు. రెండు రోజులు వెతికాక చంద్రమౌళి గారే కనిపెట్టారు. ఆ అర్హతలన్నీ ఉన్న సంస్థ ఒక్కటే. మేమే.

* * *

ప్రశ్నపత్రాల ఇనప బీరువాలో కింది అర తీసేసి కంప్యూటర్ పెట్టాం. బీరువాకి మూడు తాళాలు. ఒక తాళంచెవి చంద్రమౌళి గారిది, ఒకటి గవరయ్య గారిది, మూడోది మేడమ్‌ది. పాస్‌వర్డ్ కవరులో పెట్టి లక్క ముద్ర వేశారు. నేనే వెబ్‌సైట్ తయారుచేశాను, నిజం చెప్పాలంటే బాగానే వచ్చింది. సర్టిఫికెట్ నంబరు కొడితే పేరు, ఫొటో, మార్కులు టక్కున వచ్చేవి. బీరువాలో.

ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ కొట్టారు. రిబ్బను కత్తిరించి, మూడు తాళాలు తీసి, అందరూ ఒకసారి తొంగిచూశాక మళ్లీ వేశారు.

"మేడమ్, బయటివాళ్లు ఎలా చూస్తారు?" అని అడిగాను.

"చూడవలసిన అవసరం ఉన్నవాళ్లు సందర్శన పత్రం పూర్తిచేసి సమర్పిస్తారు. అవసరం లేనివాళ్లు చూడరు. అదే కదా భద్రత."

సందర్శనవేళలు పదకొండు నుంచి ఒంటిగంట. బయటివాళ్లు బీరువా గదిలోకి రాకూడదు కాబట్టి, నేను లోపల చూసి కిటికీ దగ్గరికొచ్చి చెప్పాలి. మొదటిరోజు నేరుగా మార్కులు చెప్పబోతే చంద్రమౌళి గారు ఆపారు. వెబ్‌సైట్ అన్నాక మొదటి పేజీ లేకుండా రెండో పేజీకి ఎలా వెళ్తారన్నారు. అందుకని వచ్చిన ప్రతివాళ్లకీ ముందు "స్వాగతం" చెప్పి, మేడమ్ సందేశం చదివి, ఆ తరవాత సర్టిఫికెట్‌లోకి వెళ్లేవాణ్ణి. 'కొత్త నోటిఫికేషన్' అన్న మాట స్క్రీన్ మీద మెరుస్తూ ఉంటుంది. దాన్ని రెండుసార్లు చెప్పమన్నారు.

ఒక పెద్దాయన, కొడుకు ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ కోసం వచ్చాడు. మేడమ్ సందేశం సగంలో ఉండగా, "బాబూ, సరిగ్గా యినబళ్లేదు. మళ్లీ మొదట్నించి రా," అన్నాడు. మళ్లీ మొదట్నించి వచ్చాను.

మేడమ్ క్యాంపుకి వెళ్లినరోజు మూడో తాళం రాదు. ఆరోజు కిటికీకి ఒక అట్ట తగిలించేవాళ్లం: 'వెబ్‌సైట్ తాత్కాలికంగా అందుబాటులో లేదు. అసౌకర్యానికి చింతిస్తున్నాము.' దాన్ని చూసి మా ఆఫీసుకి వచ్చేవాళ్లు మొదటిసారి, ఇది నిజంగా వెబ్‌సైటేనని నమ్మారు.

వారం తిరక్కుండానే భద్రతా తనిఖీ వాళ్లు పైనుంచి వచ్చారు. బయటినుంచి మా వెబ్‌సైట్‌లోకి చొరబడ్డానికి ప్రయత్నించారు. దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు. చొరబాటు ప్రయత్నాలు సున్నా, విజయవంతమైనవి సున్నా అని రాసి, నూటికి నూరు మార్కులేసి వెళ్లారు. పక్క జిల్లాల నుంచి అధికారులు జీపులేసుకుని చూడ్డానికి రావడం మొదలైంది. బీరువా కొలతలు రాసుకునేవాళ్లు. ఒకాయన నన్ను పక్కకి తీసుకెళ్లి, "నాలుగు తాళాలు పెడితే మీకన్నా ముందుంటామా?" అని రహస్యంగా అడిగాడు. ఉంటారు సార్ అన్నాను.

ఇందులో సిగ్గుపడే విషయం ఇంకోటుంది. ఆ నూటికి నూరు వచ్చినరోజు నాకు కూడా కాస్త గర్వంగానే అనిపించింది.

* * *

హైమావతి మళ్లీ ఇరవై ఐదో తారీకున వచ్చింది. సందర్శన పత్రం పూర్తిచేసింది. నేను "స్వాగతం" అనగానే చెయ్యెత్తి ఆపింది.

"నా మార్కులు నాకు తెలుసు సార్. ఆస్పత్రోళ్లు చూడాల. ఆళ్లొచ్చి మీ కిటికీ కాడ నిలబడతారేటి?"

"రారా?"

"సార్, మీరు నవ్వకండి, నేను ఏడుస్తాను. ఆ ఉద్యోగానికి ఇంకో నలుగురున్నారు. ఇరవై ఎనిమిది దాటితే తరవాతోళ్లని పిలుస్తారు. మా నాన్న జీడిపిక్కల బట్టీ మానేసి నాతో వచ్చి గది కూడా చూసీసినాడు."

నాకు నవ్వు రాలేదు. జీడిపిక్కలు ఒలిచేవాళ్ల వేళ్లు నాకు తెలుసు, పిక్కలోంచి కారే జీడికి చర్మం ఊడిపోతుంది. వాళ్ల వేలిముద్ర కూడా సరిగ్గా పడదు.

వెంటనే నోట్ పెట్టాను: ఒక్క పది నిమిషాలు కంప్యూటర్‌ని నెట్‌కి కలిపి, ఆస్పత్రివాళ్లు చూశాక తీసేద్దామని. చంద్రమౌళి గారు చదివి, "ప్రశ్నపత్రాన్ని పది నిమిషాలు వీధిలో పెడతామా నాయనా?" అని వెనక్కిచ్చారు.

ఆయన ఆ మాట అనకపోయినా బాగుండేది. సీటుకొచ్చి మాన్యువల్ ఆరో అధ్యాయం తెరిచాను. ప్రశ్నపత్రాన్ని వీధిలో పెట్టరు, నిజమే. కానీ స్ట్రాంగ్ రూము నుంచి పరీక్షా కేంద్రానికి తీసుకెళ్తారు. సీలు వేసిన పెట్టెలో, వ్యానులో, ఇద్దరు అధికారుల కాపలాతో. పద్నాలుగో నిబంధన. వెబ్‌సైట్‌ని కూడా అలా తీసుకెళ్లడానికి ఆ నిబంధనలో ఎక్కడా అభ్యంతరం లేదు.

రెండో తప్పు కూడా నాదే.

అదే నోట్‌గా పెట్టాను, మేడమ్ చూసి ఎంతో సంతోషించారు. "చూశారా? జనం వెబ్‌సైట్ దగ్గరికి వెళ్లడం కాదు, వెబ్‌సైటే జనం దగ్గరికి వెళ్తుంది. ఇలాంటిది దేశంలో ఎక్కడా ఉండి ఉండదు." నాకూ అదే అనిపించింది. మూడో చెవి కవరులో పెట్టి, సీలేసి, చంద్రమౌళి గారికి అప్పగించారు.

ఇరవై ఏడో తారీకు పొద్దున్న ఎనిమిదిమంది కలిసి బీరువాని వ్యానెక్కించారు. ముందు డ్రైవరు పక్కన చంద్రమౌళి గారు, చేతిలో రూటు రిజిస్టరు. వెనక బీరువాకి చెరోపక్క నేనూ గవరయ్య గారూ. ఆయన ఒళ్లో లక్క కడ్డీలు, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన బీరువా మీద చెయ్యి వేసి, "నెమ్మది, నెమ్మది తల్లీ," అనేవారు. దారిలో ఒకచోట పోలీసులు ఆపి లోపలేముందని అడిగారు.

"వెబ్‌సైట్," అన్నారు చంద్రమౌళి గారు.

పోలీసాయన టార్చి వేసి చూసి, "ఎక్కడ దించుతారు?" అని మాత్రం అడిగాడు.

* * *

ఆస్పత్రి గేటు దగ్గర హైమావతీ, వాళ్ల నాన్నా నిలబడి ఉన్నారు. అక్కడి కూలీల చేత బీరువాని దించించాం. వాళ్ల నాన్న దాన్ని చూసి, "పేపరైతే సేతిలో పట్టుకొచ్చీవోలం గదమ్మా," అన్నాడు మెల్లిగా.

ఉద్యోగాల విభాగం అధికారి గేటు దాకా వచ్చాడు. మర్యాదస్తుడు. ఇరవై నిమిషాల్లో లక్క పగలగొట్టి, మూడు తాళాలూ తీసి, ప్లగ్గు వైరు బయటికి లాగి, "కొంచెం కరెంటు ఇప్పిస్తే," అన్నాను.

"సారీ అండీ. బయటి పరికరం ఏదీ మా ప్లగ్గులో పెట్టకూడదు. మా భద్రతా విధానం."

"మేము ప్రభుత్వ..."

"ప్రభుత్వమైనా సరే. మీరు రాతపూర్వకంగా అడిగితే మా కమిటీ పరిశీలిస్తుంది. వచ్చే నెల ఐదున కూర్చుంటుంది."

చంద్రమౌళి గారు కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్లల్లో తడి కనిపించింది. "ఇలాంటి సంస్థని చూస్తే ముచ్చటేస్తుందయ్యా," అని ఆ అధికారి చెయ్యి పట్టుకున్నారు. తరవాత, రోడ్డు అవతల టీకొట్టులో కరెంటు అడుగుదామని గవరయ్య గారిని వెంటబెట్టుకుని వెళ్లారు. వైరు అంతదూరం రాదని నేను చెప్పేలోపే రోడ్డు దాటేశారు.

గేటు దగ్గర మేం మిగిలాం. బీరువా తలుపు తెరిచే ఉంది. లోపల కంప్యూటర్ నల్లగా.

"రేపటిలోగా చూడలేకపోతే తరవాతి పేరుని పిలవాలి," అన్నాడు అధికారి, హైమావతి వైపు చూడకుండా. "పోనీ, ఈవిడ సర్టిఫికెట్ గురించి మీలో ఎవరికైనా తెలుసా?"

"స్వాగతం," అన్నాను.

అలవాటైపోయింది. వెంటనే నాలిక్కరుచుకుని, అసలు విషయంలోకి వచ్చాను. ఆమె నంబరు, పుట్టిన తేదీ, చదివిన సంస్థ, రక్త పరీక్షల్లో డెబ్బై నాలుగు, సూక్ష్మజీవుల్లో అరవై తొమ్మిది, ప్రాక్టికల్లో ఎనభై ఎనిమిది. ఆమె మొదటిసారి వచ్చిన దగ్గర్నించీ ఆ పేజీ ఎన్నిసార్లు తెరిచానో. ఆయన తన చేతిలో ఉన్న జిరాక్సుతో ఒక్కొక్కటీ సరిచూసుకున్నాడు. ఒక్కటీ తేడా రాలేదు.

"మీరెవరు?"

"నేనే వెబ్‌సైట్ అండీ. అంటే, ఆపరేటర్ని."

"మండలి మనిషేనా?"

మెళ్లో కార్డు చూపించాను.

"మరి ఇంత చేశారేంటండీ? ఇదే మాట రాసి సంతకం పెట్టండి, చాలు. మాకు కావాల్సింది ఎవరో ఒకరు చూసి చెప్పడమే కదా."

కాగితం, పెన్ను ఇచ్చాడు. బీరువా మీద పెట్టుకుని రాశాను. 'పై వివరాలు మండలి రికార్డుతో సరిపోయినవి.' కింద సంతకం దగ్గర చెయ్యి ఆగింది. నాకు అధికారం లేదని తెలుసు. హైమావతి వాళ్ల నాన్న నా చేతివైపే చూస్తున్నాడు. మా నాన్న ఆరోజు ఎలా చూశాడో అలాగే.

పెట్టాను. బమ్మిడి తవిటేశ్వర్రావు. ఒత్తులతో సహా.

ఆమె మర్నాడు ఉద్యోగంలో చేరింది. ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

"సంతకం సెల్లిందేటి?" అన్నాడు.

"చెల్లింది నాన్నా."

"సెల్లదా మరి," అన్నాడు.

* * *

మెమో మూడో రోజున వచ్చింది. 'సదరు ఆపరేటర్ అధీకృత సందర్శన పత్రం లేకుండా, బీరువా పనిచేయని సమయమున, వెబ్‌సైట్‌లోని సమాచారమును నోటిమాటగా బయటి వ్యక్తికి వెల్లడించి, పైగా సంతకము చేసియున్నాడు. ఇది మండలి చరిత్రలో మొట్టమొదటి సమాచార ఉల్లంఘన.'

కమిటీ మళ్లీ కూర్చుంది. వెబ్‌సైట్‌లో బలహీనమైన చోటు ఎక్కడుందో కనిపెట్టారు. తాళాలు బాగున్నాయి, లక్క బాగుంది, ఇనుము బాగుంది. లోపం ఆపరేటర్లో ఉంది. బీరువాలో ఉండాల్సిన సమాచారం అతని తలలో కూడా ఉంది, దానికి తాళం లేదు.

నన్ను తీసేస్తారనుకున్నాను. తీసేస్తే ఆ తల బయట తిరుగుతుంది, అది మరీ ప్రమాదమన్నారు గవరయ్య గారు. నా మీద అభిమానంతోనే అన్నారని నా నమ్మకం. చివరికి, ఇప్పుడు నా తల కూడా వెబ్‌సైట్‌లో భాగమే కాబట్టి, పైవాళ్లు సర్టిఫై చేసిన నూటికి నూరు నిలబడాలంటే నేను ఆరోగ్యవంతుణ్ణని నిరూపించుకోవాలని, అంతవరకూ నా నోటిమాట గానీ చూపు గానీ చెల్లవని తీర్మానించారు. రక్తపరీక్షతో సహా వైద్య ధ్రువపత్రం తెమ్మన్నారు.

అదే ఆస్పత్రికి వెళ్లాను. తెల్లకోటులో హైమావతి నా చేతికి రబ్బరు పట్టీ కట్టింది.

"పిడికిలి బిగించండి సార్. మా నాన్న మిమ్మల్ని అడగమన్నాడు, ఆ బీరువా తిరిగి ఎలా పట్టికెళ్లారని."

"వ్యానులోనే."

"మళ్లీ లక్కేశారా?"

"వేశారు."

ఆమె నవ్వాపుకుంటూ సూది గుచ్చింది. నొప్పి తెలియనేలేదు. ప్రాక్టికల్లో ఎనభై ఎనిమిది ఊరికే రాలేదు. "రిపోర్టు సాయంత్రానికల్లా మా వెబ్‌సైట్‌లో ఉంటుంది సార్, ఎవరైనా చూసుకోవచ్చు," అంది.

నాకు అప్పుడే భయమేసింది.

చంద్రమౌళి గారు నా రిపోర్టు ప్రింటుని రెండు వేళ్లతో పట్టుకుని చూశారు. "ఇది వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలని కింద రాసి ఉంది. మనది నెట్‌కు కలపని కార్యాలయం. ఎలా చూస్తాం? పరీక్ష చేసినవాళ్లెవరో వచ్చి, నేనే చేశాను అని చెప్పి సంతకం పెట్టాలి."

హైమావతి తన సెలవురోజున బస్సెక్కి వచ్చింది. అదే మూడో నంబరు కిటికీ. లోపల నా కుర్చీలో, నా చూపు చెల్లదు కాబట్టి, చంద్రమౌళి గారు కూర్చుని ఉన్నారు. నేను వెనక నిలబడ్డాను.

"ఈయన రక్తం నేనే తీశాను సార్. నేనే పరీక్ష చేశాను. అన్నీ బాగానే ఉన్నాయి," అని చెప్పి సంతకం పెట్టింది.

చంద్రమౌళి గారు ఆ సంతకాన్ని కాసేపు చూశారు. "బాగుందమ్మా. అయితే రక్తపరీక్ష చెయ్యడానికి నీకు అర్హత ఉన్నట్టు రుజువు కావాలి. డిప్లొమా ఎక్కడ చేశావు?"

"ఇక్కడే సార్. మీ సర్టిఫికెట్టే."

"అయితే ఇబ్బందే లేదు, మన వెబ్‌సైట్‌లో చూసేద్దాం," అని, అంతలోనే గుర్తొచ్చి కిటికీకేసి చూశారు. అట్ట తగిలించి ఉంది. మేడమ్ క్యాంపులో ఉన్నారు, సోమవారం దాకా.

"ఇదుగో, ఈ సార్ చూశారు కదండీ," అంది హైమావతి నన్ను చూపించి. "నా నంబర్లన్నీ ఆయనకి నోటికొచ్చు."

"వచ్చునమ్మా. కానీ అతని ఆరోగ్యం తేలేదాకా అతని మాట చెల్లదు."

"ఆయన బాగున్నారని నేను చెప్తన్నాను కదా సార్."

"నీ సర్టిఫికెట్ సరిచూసేదాకా నీ మాట చెల్లదు."

ఆమె నావైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. నా పూచీ మీద ఆమె, ఆమె పూచీ మీద నేను. మధ్యలో బీరువా. ఏ తాళమూ లేకుండా మా ఇద్దరినీ ఎంత గట్టిగా మూసిపెట్టారో అప్పుడు అర్థమైంది. మా మండలికి భద్రత తెలీదని ఇంక ఎవరూ అనలేరు.

ఆమె సంచీలోంచి వేయించిన జీడిపప్పు పొట్లం తీసి కిటికీలోంచి నా చేతికిచ్చింది. "మా నాన్న పంపించాడు. సోమవారం నైట్ డ్యూటీ, రాలేను. మంగళవారం వస్తాను సార్," అని వెళ్లిపోయింది.

వెనకాల క్యూలో ఉన్నాయన ముందుకొచ్చి, కిటికీలో తల పెట్టి, "ఏం బాబూ, వెబ్‌సైట్ ఈరోజు పనిచేస్తోందా?" అని అడిగాడు.

నేను చంద్రమౌళి గారి వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. సమాధానం చెప్పే అధికారం నాకు లేదు.

పొట్లం విప్పి ఆయనకి నాలుగు పప్పులు పెట్టాను.